బంతి కబుర్లు: ‘ఇంకొక్క గోల్’ అనే మాట ఎక్కడిది?

ప్రశ్న (ఒక పాఠకురాలు, రామచంద్రాపురం): సార్, మా నాన్న బీహెచ్‌ఈఎల్‌లో టర్నర్‌గా చేసి రిటైరయ్యారు. పోయిన సంవత్సరం కాలం చేశారు. ఆయన రేకు పెట్టె సర్దుతుంటే సర్వీసు కాగితాల అడుగున చిన్న బిళ్ళ ఒకటి దొరికింది. ఎరుపు, నలుపు ఎనామిల్ పూత, వెనక సూది, ముందు ‘స్పార్తక్ త్ర్నవ’ అని అక్షరాలు. నాన్న బంతి తన్నగా నేనెప్పుడూ చూడలేదు. కానీ మా ఇంట్లో ఏదైనా అంచుదాకా వచ్చి తప్పిపోతే, అంటే కళ్ళ ముందే బస్సు వెళ్ళిపోయినా, నాకు 59 మార్కులు వచ్చి ఫస్ట్ క్లాస్ పోయినా, ‘ఇంకొక్క గోల్ పడలేదమ్మా’ అనేవారు. ఈ బిళ్ళకీ ఆ మాటకీ సంబంధం ఏమైనా ఉందంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ఆ పూటకి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టేశాను.

ముందు పేరు సంగతి. త్ర్నవ. మొదటి మూడు హల్లుల మధ్య ఎక్కడా అచ్చు లేదు. మన నోటికి ‘తిర్నవ’ అనే వస్తుంది, అలాగే అనుకోండి, కొంపేమీ మునగదు. స్లొవాకియా రాజధాని బ్రాతిస్లావాకి ఓ యాభై కిలోమీటర్లలో ఉన్న ఊరు. జనాభా అరవై వేల పైచిలుకు, అంటే మన కూకట్‌పల్లిలో ఓ మూల. ఊరి నిండా చర్చిలే కాబట్టి ‘చిన్న రోము’ అని ముద్దుపేరు. 1238లోనే రాజుగారి పట్టా పొందింది, 1635లో విశ్వవిద్యాలయం పెట్టుకుంది. ఫుట్‌బాల్ క్లబ్బు మాత్రం 1923లో, ఊళ్ళో ఉన్న రెండు క్లబ్బులు కలిసిపోతే పుట్టింది.

బిళ్ళ ఇక్కడికి ఎలా వచ్చిందంటారా? మీ రామచంద్రాపురం ప్లాంటు చెకొస్లొవేకియా సహకారంతో కట్టిందే కదా. చెక్, స్లొవాక్ జనం అప్పట్లో ఒకే దేశం. టర్బైన్ల పని చూపించడానికి అక్కడి ఇంజనీర్లు ఇక్కడికి వచ్చేవారు. అలాంటి బిళ్ళలు కోటుకు పెట్టుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం వాళ్ళకి పెద్ద సరదా. మా మేనమామ కూడా అదే ప్లాంటులో ఫిట్టరు. ఆయన దగ్గర జర్దా డబ్బా నిండా ఉండేవి. అందులో ఒకటి ఎత్తుకెళ్ళి స్కూలు చొక్కాకి తగిలించుకుని హెడ్మాస్టరు చేత బెత్తం దెబ్బలు తిన్నాను. ఏ క్లబ్బుదో ఇప్పుడు గుర్తు లేదు, దెబ్బలు గుర్తున్నాయి.

ఇక ఆ మాట. నా అంచనా ప్రకారం దానికి తేదీ కూడా ఉంది: 1969 ఏప్రిల్ 24.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1968లో స్పార్తక్ త్ర్నవ మొట్టమొదటిసారి చెకొస్లొవేకియా లీగ్ గెలిచింది. ఆ ఆగస్టులోనే సోవియట్ ట్యాంకులు దేశంలోకి వచ్చాయి. యూరోపియన్ కప్‌లో, అంటే ఐరోపా దేశాల ఛాంపియన్ క్లబ్బుల పోటీలో, తూర్పు దేశాల జట్లకీ పడమటి దేశాల జట్లకీ మొదటి రౌండులో పోటీ పడకుండా డ్రా మళ్ళీ తీశారు. దాంతో సోవియట్, హంగరీ, పోలండ్, తూర్పు జర్మనీ, బల్గేరియా జట్లు అలిగి తప్పుకున్నాయి. త్ర్నవ తప్పుకోలేదు. ఆ పోటీలో ఊళ్ళో ఒకటి, పొరుగూళ్ళో ఒకటి, రెండు మ్యాచుల గోల్స్ కలిపి లెక్క చూస్తారు. బుకారెస్ట్‌లో స్తెయావా చేతిలో 1-3తో ఓడి, ఇంటికొచ్చి 4-0తో బదులు తీర్చుకుంది. ఫిన్లండ్ జట్టు రెయిపాస్ మీద రెండు మ్యాచుల్లో కలిపి 16 గోల్స్ కొట్టింది. ఏథెన్స్ జట్టు ఏఈకేని త్ర్నవలో 2-1తో గెలిచి, అక్కడ 1-1తో డ్రా చేసుకుని దాటింది. సెమీఫైనల్లో ఎదురైంది నెదర్లాండ్స్ జట్టు ఆయాక్స్. ఇరవై ఒక్కేళ్ళ యోహాన్ క్రైఫ్ ఆడుతున్న ఆయాక్స్.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి మ్యాచ్ 0-3. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. కానీ త్ర్నవలో జరిగిన రెండో మ్యాచ్‌లో లాదిస్లావ్ కూనా అనే కుర్రాడు హాఫ్ టైముకి ముందు ఒకటి, తర్వాత కాసేపటికే ఇంకొకటి వేశాడు. 2-0. ఇంకా నలభై నిమిషాలు మిగిలాయి. ఒక్క గోల్ పడితే లెక్క సమం. ఆ నలభై నిమిషాలూ ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. గోల్ పడలేదు. ఆయాక్స్ ఫైనల్‌కి వెళ్ళి మిలాన్ చేతిలో 1-4తో చిత్తయింది. ఆ స్కోరు చూసి త్ర్నవ వాళ్ళకి ఇంకా మండి ఉంటుంది.

ఇంకో విచిత్రం. సరిగ్గా నెల తిరక్కుండా, మే 21న, బాసెల్‌లో బార్సిలోనాని 3-2తో ఓడించి కప్ విన్నర్స్ కప్ (ఐరోపాలో ఆయా దేశాల కప్పులు గెలిచిన జట్ల పోటీ) ఎత్తుకెళ్ళింది ఎవరనుకున్నారు? త్ర్నవకి ఆగర్భశత్రువు, బ్రాతిస్లావా జట్టు స్లొవాన్. పక్కింటి వాళ్ళకి లాటరీ తగిలినట్టు. మీ నాన్నగారికి ఆ బిళ్ళ ఇచ్చినాయన త్ర్నవ వాడైతే ఈ కథ చెప్పకుండా ఉండడు. వర్క్‌షాపులో టీ తాగుతూ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి ఉంటాడు. ‘ఇంకొక్క గోల్’ అని వేలు చూపించి ఉంటాడు.

బిళ్ళని చింతపండుతో తోమకండి. ఎనామిల్ లేచిపోతుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, బోయిన్‌పల్లి): సార్, అంత చిన్న ఊరు అయిదుసార్లు దేశం మొత్తానికి ఛాంపియన్ అయిందని ఎక్కడో చదివాను. ప్రాగ్ లాంటి నగరాల జట్లుండగా ఎలా కుదిరింది? ఇంత పెద్ద హైదరాబాదుకి ఎందుకు కుదరలేదు?

జవాబు: బాబూ, రెండో ప్రశ్నలో చిన్న తప్పుంది. హైదరాబాదుకి కుదిరింది. మన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రోజుల్లో బొంబాయి వెళ్ళి ఆ కప్ తేవడమంటే మాటలు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్, బడిపంతులు, ఆ జట్టునీ దేశం జట్టునీ తయారు చేసిన మనిషి. 1956 ఒలింపిక్స్‌లో సెమీఫైనల్, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం, అన్నీ ఆయన చలవే. 1963లో ఆయన పోయారు. తర్వాత ఏమైందో నీకు తెలిసినట్టే ఉంది.

త్ర్నవకీ ఓ రహీమ్ సాబ్ ఉన్నాడు. పేరు అంతోన్ మలాతిన్‌స్కీ. అదే ఊళ్ళో పుట్టి, అదే క్లబ్బుకి ఆడి, తర్వాత కోచ్ అయ్యాడు. 1968 టైటిల్ ఆయనదే. ఆ వెంటనే ఆస్ట్రియా వెళ్ళిపోతే, ఆయాక్స్ మ్యాచ్ నాటికి జట్టు యాన్ హుత్స్కో చేతిలో ఉంది. మలాతిన్‌స్కీ తర్వాత తిరిగొచ్చాడు. 1968, 69, 71, 72, 73. ఆరేళ్ళలో అయిదు టైటిళ్ళు. 1970 ఒక్కటే జారింది, అదీ స్లొవాన్‌కే. స్టేడియానికి ఇప్పటికీ మలాతిన్‌స్కీ పేరే.

ఇంకో కారణం కర్మాగారం. అక్కడ క్లబ్బు అంటే ఏదో ఒక ఫ్యాక్టరీ వెనక ఉండాల్సిందే. 1949 ప్రాంతంలో ఈ క్లబ్బు పేరు ‘కొవొస్మాల్ట్’, అంటే ఊళ్ళో ఎనామిల్ సామాను చేసే కంపెనీ పేరు. (రామచంద్రాపురం అమ్మగారూ, మీ బిళ్ళ మీద ఎనామిల్ చూసి నాకు నవ్వొచ్చింది ఇందుకే.) తర్వాత స్పార్తక్ అయింది. ఇంజనీరింగ్ కార్మికుల క్రీడా సంఘాలకి పెట్టే పేరది, రోము మీద తిరగబడ్డ బానిస స్పార్టకస్ పేరు. చిన్న రోముకి ఆ పేరు పెట్టినవాడికి ఈ సంగతి తట్టిందో లేదో మరి. ఆపైన ఊళ్ళో మోటారు వాహనాల ఫ్యాక్టరీ తోడైంది.

మూడోది ఆటగాళ్ళు. గోల్స్ వేసే యోజెఫ్ అదామెట్స్ వ్రబొవె అనే చిన్న ఊరివాడు, కూనా పక్కనే ఉన్న హ్లొహొవెత్స్‌లో పుట్టాడు. అదామెట్స్ గురించి ఒక్క ముక్క చెప్పాలి. 1968 జూన్‌లో బ్రాతిస్లావాలో బ్రెజిల్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, 3-2తో గెలిచారు. బ్రెజిల్ మీద! వాణ్ణి మిలిటరీ సర్వీసు పేరుతో ప్రాగ్‌లోని సైన్యం జట్టు దుక్లా అంతకుముందే పట్టుకుపోయింది. సర్వీసు అయ్యాక చివరికి త్ర్నవకే చేరాడు. మన కథ చూడు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ని 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ పట్టుకుపోయింది. తిరిగి రాలేదు. రావడానికి ఇక్కడ ఏముందని? పోలీస్ జట్టులో ఆడాలంటే పోలీసు కొలువు ఉండాలి. త్ర్నవలో జట్టు ఊరిది, కొలువు ఫ్యాక్టరీది. ఆటగాడికి మోకాలు పోయినా ఊళ్ళో ఓ మర అతని కోసం ఖాళీగా ఉండేది. నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. పెద్ద నగరం, చిన్న నగరం అన్నది రెండో మాట.

కరోల్ దోబియాష్‌ని మరచిపోయాను. 1976లో బెల్‌గ్రేడ్‌లో యూరో ఫైనల్, ఎదురుగా పశ్చిమ జర్మనీ. చెకొస్లొవేకియాకి రెండో గోల్ వేసినవాడు ఇతనే, అప్పటికి త్ర్నవ ఆటగాడే. ఆ మ్యాచ్‌లో అందరూ చివర్లో కప్ తెచ్చిపెట్టిన పానెంకా పెనాల్టీ గురించే మాట్లాడతారు, దోబియాష్‌ని తలచుకునేవాళ్ళు తక్కువ. నేను హాఫ్ బ్యాక్‌గా, అంటే గోల్స్ వేసేవాళ్ళ వెనకాల, ఆడినవాణ్ణి, నాకు ఆ కడుపుమంట ఉంటుంది.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిజాంపేట): వచ్చే ఏడాది కంపెనీ పని మీద రెండు నెలలు బ్రాతిస్లావాలో ఉంటాను. ఈ క్లబ్బు ఇంకా ఉందా? మ్యాచ్ చూడొచ్చా?

జవాబు: ఉంది, బాగానే ఉంది. మధ్యలో చాలా ఏళ్ళు బాగా లేదు. 1973 తర్వాత లీగ్ టైటిల్ మళ్ళీ రావడానికి 45 ఏళ్ళు పట్టింది. ఈలోపు దేశం రెండు ముక్కలైంది, లీగ్ కూడా మారింది. 2018లో గెలిపించిన కోచ్ పేరు నెస్తోర్ ఎల్ మాయెస్త్రో. ఆ పేరు వింటే సర్కస్ వాడనుకుంటాం గానీ పనిమంతుడే. ఆ ఏడాదే యూరోపా లీగ్ అనే ఐరోపా క్లబ్బుల పోటీలో ఇంటి దగ్గర బెల్జియం జట్టు ఆండర్‌లెఖ్ట్‌ని 1-0, టర్కీ జట్టు ఫెనర్‌బాచెని 1-0 ఓడించారు. ఆ తర్వాత స్లొవాక్ కప్ 2019, 2022, 2023, 2025లలో తెచ్చారు. లీగ్ మాత్రం ఎప్పుడూ స్లొవానే.

బ్రాతిస్లావా నుంచి రైల్లో గంట కూడా పట్టదు. స్టేడియం ఊరి పాత కోటగోడని ఆనుకునే ఉంటుంది. 2015లో కొత్తగా కట్టారు, పద్దెనిమిది వేల మంది పడతారు. అంటే ఊళ్ళో ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరు. కింద షాపింగ్ మాల్ కూడా ఉంది, ఆ అతుకు నాకు నచ్చలేదు. చలిగా ఉంటే మంకీ క్యాప్ పెట్టుకెళ్ళండి, ఎవరూ ఏమనుకోరు. స్లొవాన్‌తో మ్యాచ్ అయితే టికెట్ ముందే కొనుక్కోండి, ఆ రోజు లేత నీలం చొక్కా మాత్రం వద్దు. అది స్లొవాన్ రంగు.

ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ మంచు, లీగ్‌కి సెలవు. ఆ రోజుల్లో పంపిస్తే కోటగోడ చూసుకుని తిరిగి రావడమే.