టెక్ సందేహాలు: లైబ్రరీ లేని కంప్యూటర్‌లోనూ స్క్రిప్టు నడవాలంటే

ప్రశ్న: నేను జూనియర్ కళాశాలలో లెక్చరర్‌ని. పిల్లల యూనిట్ టెస్టు మార్కులు కూడి ఎక్సెల్ ఫైలుగా ఇచ్చే చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. కాలేజీ ల్యాబులో మాత్రం మొదటి వరుసలోనే 'మాడ్యూల్‌నాట్‌ఫౌండ్ఎర్రర్' అంటూ ఆగిపోతోంది, చివర ఓపెన్‌పైఎక్సెల్ పేరు కనిపిస్తోంది. అక్కడ ఇంటర్నెట్ లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ లెక్కలో తప్పేమీ లేదు. పైథాన్‌తో పాటే వచ్చే సామగ్రి వేరు, పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో మనం విడిగా తెచ్చుకునే లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన కోడ్) వేరు. సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసే మామూలు టెక్స్ట్ ఫైళ్ల కోసం), జేసన్ వంటివి మొదటి రకం, ఎక్సెల్ ఫైళ్లు రాసే ఓపెన్‌పైఎక్సెల్ రెండో రకం. ఇంట్లో ఎప్పుడో వేసుకుని మరచిపోయి ఉంటారు.

ముందు ఇది తేల్చుకోండి: ఆ లైబ్రరీ లేకపోతే పోయేది సోకా, పనా? పని ఎంతవరకు వచ్చిందో గీతలా చూపించే టీక్యూడీఎం లాంటిది సోకు. (పురోగతి అనే అర్థమున్న 'తకద్దుమ్' అనే అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరు అది.) అది దొరకకపోతే అదే పేరుతో ఒక ఫంక్షన్ రాసి, చేతికిచ్చిన జాబితాను ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చేయండి. రెండు వరుసల పని. గీత కనబడదు, లెక్క మారదు. ఓపెన్‌పైఎక్సెల్ అలా కాదు. అది లేకపోతే చేతికొచ్చే ఫైలే మారిపోతుంది.

స్క్రిప్టు పైభాగంలో ఇంపోర్ట్ వరుసను 'ట్రై' కింద పెట్టండి. తర్వాత 'ఎక్సెప్ట్ మాడ్యూల్‌నాట్‌ఫౌండ్ఎర్రర్' కింద ఓపెన్‌పైఎక్సెల్ అనే పేరుకే 'నన్' (పైథాన్‌లో 'ఏమీ లేదు' అని) విలువ ఇవ్వండి. ఫైలు రాసే చోట ఆ పేరు నన్ అయితే సీఎస్‌వీగా, కాకుంటే ఎక్సెల్‌గా రాయించండి. ఎర్రర్ పేరు రాయడానికి బద్ధకించి ఉత్త 'ఎక్సెప్ట్' అని వదిలేసేవాళ్లు ఉన్నారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లైబ్రరీ ఉండి కూడా సగం పాడైనా, మీరే కంట్రోల్-సీ నొక్కినా, అన్నిటినీ అది గుటుక్కున మింగేస్తుంది. అసలు జబ్బు బయటపడదు. ఈ ఎర్రర్ పేరు పైథాన్ 3.6 నుంచే ఉంది. ల్యాబులో అంతకన్నా పాతది ఉంటే 'ఇంపోర్ట్ఎర్రర్' అని రాయండి.

సీఎస్‌వీతో మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది. పిల్లల పేర్లు తెలుగులో ఉంటే, విండోస్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) చెప్పకుండా రాసిన ఫైలు చాలాసార్లు రాస్తుండగానే ఆగిపోతుంది. పోనీ యూటీఎఫ్-8 అని చెప్పి రాసినా, ఎక్సెల్‌లో తెరిస్తే పేరు బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లిషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరుస కట్టి కనిపించవచ్చు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు. వాటిని విడివిడిగా చదివితే అలాగే ఉంటుంది మరి. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి. ఫైలు మొదట్లో ఒక గుర్తు పడుతుంది, ఎక్సెల్ దాన్ని చూసి తెలుగును గుర్తుపడుతుంది. 'న్యూలైన్' దగ్గర ఖాళీ కొటేషన్లు ఇవ్వకపోతే విండోస్‌లో వరుసకూ వరుసకూ మధ్య ఒక ఖాళీ గడి వరుస వస్తుంది. ఫైలు పేరు చివర కూడా సీఎస్‌వీ అనే ఉండాలి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని పెట్టి లోపల సీఎస్‌వీ నింపితే ఎక్సెల్ తెరవనంటుంది.

ఇంకొకటి. 007 అని ఉన్న రోల్ నంబరు సీఎస్‌వీలో సరిగ్గానే ఉంటుంది కానీ, ఎక్సెల్‌లో నేరుగా తెరవగానే 7 అయి కూర్చుంటుంది. అలాంటి తేడా ఉన్నప్పుడు ప్రత్యామ్నాయం గుట్టుచప్పుడు కాకుండా జరగకూడదు. 'ఓపెన్‌పైఎక్సెల్ లేదు, సీఎస్‌వీగా రాస్తున్నాను, రోల్ నంబర్లు చూసుకోండి' అని తెలుగులోనే ఒక ప్రింట్ వరుస పెట్టండి. రేపు మీ బదులు ఇంకో లెక్చరర్ నడిపినా ఆయనకు తెలుస్తుంది.

ఎక్సెల్ ఫైలే కావాలంటే దానికీ దారి ఉంది. ఇంట్లో 'పిప్ డౌన్‌లోడ్'తో లైబ్రరీని ఒక ఫోల్డర్‌లోకి దించి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ల్యాబులో 'నో-ఇండెక్స్', 'ఫైండ్-లింక్స్' అనే రెండు ఆప్షన్లతో ఆ ఫోల్డర్ నుంచే వేయండి. ఓపెన్‌పైఎక్సెల్ ఒక్కదాన్నే మోసుకెళ్లారనుకోండి, ఈటీ-ఎక్స్‌ఎంఎల్‌ఫైల్ ఎక్కడ అని అడుగుతుంది. అందుకే ఫోల్డర్ మొత్తం తీసుకెళ్లాలి. రెండూ పూర్తిగా పైథాన్‌లోనే రాసినవి కాబట్టి ల్యాబు కంప్యూటర్ 32 బిట్‌దైనా ఇబ్బంది లేదు. పాండాస్, నమ్‌పైలకు ఈ సౌకర్యం లేదు. అక్కడి పైథాన్ వెర్షనుకు, విండోస్‌కు సరిపోయే ఫైలే దించుకోవాలి.

ఇదంతా ల్యాబుకు వెళ్లకుండానే ఇంట్లో పరీక్షించవచ్చు. కమాండ్‌లో పైథాన్ తర్వాత మైనస్, పెద్ద ఎస్ పెట్టి స్క్రిప్టు నడపండి. పిప్‌తో వేసుకున్నవేవీ దానికి కనబడవు.

ప్రశ్న: నా ప్రోగ్రాము సెట్టింగులు టామ్ల్ ఫైలులో ఉన్నాయి. టామ్ల్‌లిబ్‌తో చదువుతున్నాను. స్నేహితుడి కంప్యూటర్‌లో పైథాన్ 3.9 ఉంది, అక్కడ ఆ మాడ్యూలే లేదంటోంది.
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: టామ్ల్‌లిబ్ పైథాన్‌లోకి వచ్చింది 3.11తో, అంటే 2022లో. దానికి మూలం టామ్లి అనే విడి లైబ్రరీ. 'ట్రై' కింద టామ్ల్‌లిబ్‌ను, అది దొరకకపోతే టామ్లిని అదే టామ్ల్‌లిబ్ పేరుతో ఇంపోర్ట్ చేయండి. కింద ఒక్క అక్షరం మార్చనక్కరలేదు, హెచ్చరికా అవసరం లేదు. పనితీరు ఒకటే కదా. స్నేహితుణ్ని మాత్రం పిప్‌తో టామ్లి వేసుకోమనండి. ఫైలును రెండింటికీ బైనరీగానే తెరవాలి. ఇవి చదవడానికే, రాయడానికి కావు. సెట్టింగులు మార్చి తిరిగి రాయాలంటే టామ్లి-డబ్ల్యూ అని వేరే ఉంది.