గర్భం మొదట్లోనే షుగర్ ముప్పు చెప్పే రక్తపరీక్ష కోసం విశాఖ దాకా వెళ్ళాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఉండేది ఒడిశాలోని జయపురంలో, తొమ్మిదో వారం నడుస్తోంది, అమ్మగారికి షుగర్ ఉంది. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మామూలుగానే వచ్చింది. విశాఖలో ఎడిపోనెక్టిన్ అనే పరీక్ష చేయించుకుంటే గర్భంలో షుగర్ వస్తుందో రాదో ముందే తెలిసిపోతుందని ఎవరో చెప్పారు. వెళ్ళాలా వద్దా అని టెన్షన్ పడుతున్నారు.

వెళ్ళకండి. ఈ వారమే మీ దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో గ్లూకోజ్ నీళ్ళు తాగి పరీక్ష చేయించుకోండి. నేను డాక్టర్‌ని కాను. రాయగడలో ఉంటాను, రెండు కాన్పులూ షుగర్‌తోనే గట్టెక్కాను. అప్పుడు డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను.

మీకు చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఎడిపోనెక్టిన్ మన ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే హార్మోన్, ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి తోడ్పడుతుంది. తర్వాత షుగర్ వచ్చిన గర్భిణుల్లో చాలామందికి ఇది మొదటి మూడు నెలల్లోనే తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. కాలేయంలో తయారయ్యే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ సంగతీ అంతే. బిడ్డకు జన్యు లోపాల ముప్పు ఉందేమో చూడటానికి పదకొండు, పదమూడు వారాల మధ్య చేసే డబుల్ మార్కర్ పరీక్షలో పీఏపీపీ-ఏ అనే ప్రోటీన్ ఒకటి చూస్తారు. అది తక్కువగా ఉన్నవాళ్ళకూ షుగర్ ముప్పు కొంత ఎక్కువే. కానీ ఇవన్నీ ముప్పు ఎక్కువో తక్కువో చెబుతాయి తప్ప మీకు వస్తుందనో రాదనో తేల్చవు. తక్కువ వచ్చినా షుగర్ రానివాళ్ళు ఉన్నారు, బాగా వచ్చినా షుగర్ వచ్చినవాళ్ళు ఉన్నారు. రిపోర్టు ఏది వచ్చినా చివరికి గ్లూకోజ్ నీళ్ళు తాగాల్సిందే. అమ్మగారికి షుగర్ ఉందంటే మీకు ముప్పు ఉందని ఇప్పటికే తెలుసు కదా, దానికోసం ఘాట్ రోడ్డు మీద అంత దూరం ప్రయాణం ఎందుకు?

హెచ్‌బీఏ1సీ బాగుందని మాత్రం ధీమాగా ఉండకండి. మన వైపు ఇది మరీ ముఖ్యం. గత రెండు మూడు నెలల్లో ఎర్ర రక్తకణాలకు ఎంత చక్కెర అంటుకుందో ఆ పరీక్ష చూస్తుంది. అంటే కణం నిండా బతికితేనే లెక్క సరిగా వస్తుంది. కొరాపుట్, రాయగడ, అటు గడ్చిరోలి వైపు కూడా సికిల్ సెల్ ఎక్కువ, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు రక్తకణాలు తొందరగా నశిస్తాయి కాబట్టి షుగర్ ఉన్నా అంకె తక్కువగా కనిపిస్తుంది. నాలాగా జబ్బు లేకుండా, అమ్మానాన్నల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళకు కొన్ని మిషన్లు తప్పు చూపిస్తాయి. ఐరన్ తక్కువైతే అంకె పైకి పోతుంది. గర్భంలో అసలే రక్తకణాలు త్వరత్వరగా మారుతుంటాయి. నా మొదటి కాన్పులో మొదట్లో 5.3 వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. ఆరో నెలలో గ్లూకోజ్ నీళ్ళు తాగాక చూస్తే 168! మీకు సికిల్ సెల్ పరీక్ష ఇంతవరకు చేయకపోతే అదీ చేయించుకోండి.

గ్లూకోజ్ పరీక్షకు పరగడుపున ఉండక్కర్లేదు, అన్నం తినే వెళ్ళొచ్చు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఇస్తారు, ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. మా ఊరి ఆశా కార్యకర్త, మేం ఆశా దిది అంటాం, నేను తాగడం అయిన టైమును పెన్నుతో తన అరచేతి మీద రాసుకుని, రెండు గంటలూ నన్ను బెంచీ మీద నుంచి కదలనివ్వలేదు. తీపికి కడుపులో తిప్పుతుంది, ఓర్చుకోవాలి. అరగంట లోపు వాంతి అయితే ఆ పరీక్ష చెల్లదు, మర్నాడు మళ్ళీ తాగాలి. రెండు గంటలకు 140 గానీ, పైన గానీ వస్తే షుగర్ ఉన్నట్టు. అంతకన్నా తక్కువ వచ్చిందని వదిలేయకూడదు, 24–28 వారాల మధ్య మళ్ళీ చేయించుకోవాలి. కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయ నుంచి వచ్చే హార్మోన్లు అప్పుడే ఇన్సులిన్‌కు గట్టిగా అడ్డం పడతాయి. రెండోసారి నాకు సరిగ్గా అలాగే జరిగింది: మొదటి పరీక్షలో 131, తర్వాతి పరీక్షలో 146.

ముందే కనిపెట్టడం వల్ల లాభం ఉందా అంటే, ఉంది. మన దేశంతో పాటు ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, స్వీడన్ ఆస్పత్రుల్లో ముప్పు ఎక్కువున్న 800 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. 20 వారాల లోపే వైద్యం మొదలుపెట్టిన తల్లుల పిల్లల్లో పుట్టినప్పటి ఇబ్బందులు దాదాపు 25 శాతం మందికి వస్తే, ఆగి చూసినవాళ్ళ పిల్లల్లో 30 శాతం మందికి వచ్చాయి. వాళ్ళలో షుగర్‌ని కనిపెట్టింది కూడా ఈ గ్లూకోజ్ నీళ్ళతోనే.

తిండి సంగతి ఇప్పటినుంచే చూసుకోండి. మా అత్తగారు చలవ చేస్తుందని పొద్దున్నే పఖాళం అనే నీళ్ళలో నానిన చద్దన్నం, సాయంత్రం మూఢీ అనే మరమరాలు పెట్టేవారు. రెండూ బియ్యమే, రెండూ నా షుగర్‌ని పైకి లాగాయి. చోడి (రాగి) అంబలి కూడా పల్చగా కాచి గ్లాసుడు తాగితే నాకు పెరిగేది. అదే చోడి రొట్టె కూరతో తింటే అంత పెరగలేదు. అన్నం సగం చేసి డాల్మా, అంటే కూరగాయలు వేసి వండిన పప్పు, రెండింతలు వేసుకున్నాను, తిన్నాక ఇంటి ముందే నడిచాను. రెండో కాన్పులో రెండు వారాలకే భోజనం తర్వాతి షుగర్ 120 లోపుకి దిగింది. మొదటిసారి మాత్రం దిగలేదు, ఇన్సులిన్ తీసుకున్నాను. డాక్టర్ ఇన్సులిన్ అంటే భయపడకండి, అది బిడ్డకు చేరదు.

డబ్బు ఖర్చు కూడా లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు. ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే మమతా దివస్ నాడు ఆశా దిదిని కలిస్తే పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతుంది. మీకు షుగర్ అని తేలితే కాన్పు అయిన ఆరు వారాలకు ఇదే 75 గ్రాముల పరీక్ష మరోసారి చేయించుకోవాలి, ఆ ఒక్కసారి మాత్రం పరగడుపున వెళ్ళాలి. బిడ్డ టీకాలకు వెళ్ళే రోజే పెట్టుకుంటే మరిచిపోరు.