రాబోయే ఐపీఓని చూసి ఇప్పుడు అప్పు చేయొద్దు, పర్డీ కథ పూర్తిగా చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం, ఇప్పుడు సన్నీవేల్‌లో ఉంటున్నాం. నాకు 33, హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నా, భార్యది హెచ్4 డిపెండెంట్ వీసా, రెండేళ్ల పాప. స్టార్టప్‌లో జీతం 1,65,000 డాలర్లు, నెల ఖర్చు 6,500. ఏడాదిన్నరలో ఐపీఓ (కంపెనీ షేర్లు మార్కెట్లోకి రావడం) అంటున్నారు, వస్తే నా షేర్లకి 3 లక్షల డాలర్ల దాకా రావచ్చు. సేవింగ్స్ 9 వేలు, 401కే (రిటైర్మెంట్ ఖాతా) లో 80 వేలు ఉన్నాయి. 401కే లోన్ 35 వేలు, పర్సనల్ లోన్ 40 వేలు తీసుకుని షాద్‌నగర్ దగ్గర ప్రీ-లాంచ్‌లో (అనుమతులు రాకముందే అమ్మేవి) ప్లాట్లు కొందామనుకుంటున్నా, ఐపీఓ రాగానే అన్నీ క్లియర్ చేసేస్తా. నేను అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో నైనర్స్ టీం ఫ్యాన్‌ని, మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) బ్రాక్ పర్డీ డ్రాఫ్ట్‌లో, అంటే టీంలు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, చిట్టచివర వచ్చి మూడేళ్లలో 265 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ కొట్టాడు కదా, రిస్క్ తీసుకోకపోతే ఎలా అండీ?

జవాబు: అప్పు వద్దండీ. రెండు లోన్లూ వద్దు. మీ ఉత్తరానికి ఇక్కడ అందరి ముందు ఎందుకు జవాబిస్తున్నానంటే ఈ తప్పు మన వాళ్లలో చాలా మంది చేస్తున్నారు, చేతికి రాని డబ్బుని వచ్చేసినట్టే లెక్కలో కలిపేసుకుని దాని మీద అప్పు తెచ్చేస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు అని మన పెద్దవాళ్లు అన్నది సరిగ్గా దీని గురించే.

పర్డీ పేరు మీరే ఎత్తారు కాబట్టి అతని మొదటి మూడేళ్లు డబ్బు వైపు నుంచి చూడండి. 2022 డ్రాఫ్ట్‌లో 262వ పిక్, అతని తర్వాత ఇంకెవరూ లేరు. నాలుగేళ్ల కాంట్రాక్ట్ మొత్తం కలిపితే 3.7 మిలియన్లు, అందులో సైనింగ్ బోనస్ 77 వేల డాలర్లు, గట్టిగా నాది అనుకోగలిగింది ఆ బోనస్సే, మిగతా జీతం టీంలో ఉంచుకుంటేనే వస్తుంది. మొదటి ఏడు 7,05,000, రెండో ఏడు 8,70,000, మూడో ఏడు 9,85,000. మనకి పెద్ద మొత్తాలే, కానీ కాలిఫోర్నియా ట్యాక్స్, ఫెడరల్ ట్యాక్స్, ఏజెంట్ కమిషన్ పోగా మిగిలేది చూడాలి, పైగా ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు.

అతనికి ఛాన్స్ వచ్చిందే ఇద్దరికి దెబ్బలు తగలడం వల్ల. సెప్టెంబర్‌లో టీం మొదటి క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్ చీలమండ పోయింది, డిసెంబర్‌లో అతని స్థానంలో ఆడుతున్న గరోపొలో పాదం విరిగింది. పర్డీ దిగి వరసగా గెలిపించాడు. తర్వాత 2023 జనవరి 29న ఫిలడెల్ఫియాలో ఎన్ఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్), టీం మొదటి దాడిలోనే దెబ్బ తగిలి విసిరే చేతి మోచెయ్యి లిగమెంట్ తెగిపోయింది. మళ్లీ గ్రౌండ్‌లోకి పంపినా బంతి విసరలేకపోయాడు, 31-7తో ఓడిపోయారు. మార్చిలో ఆపరేషన్. ఆ రోజుకి అతనికి లీగ్‌లో వచ్చింది ప్రధానంగా ఒక్క సీజన్ జీతం, ఆ చిన్న బోనస్. ఆ చెయ్యి బాగవ్వకపోయుంటే మీరీ రోజు అతని పేరు రాసేవారు కాదు, ఈ ముక్క మాత్రం దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి.

చెయ్యి బాగైంది, తర్వాతి సీజన్‌లోనే టీంని లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. అయినా డబ్బు రాలేదు! డ్రాఫ్ట్ అయిన ప్లేయర్‌కి మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కాంట్రాక్ట్ మార్చకూడదని రూల్. 2024లో వేరే టీం క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఏడాదికి 60 మిలియన్ల సగటుతో సంతకం పెడితే పర్డీ పది లక్షల డాలర్లు కూడా లేని జీతానికి ఆడాడు. అంతకుముందు 2023 సీజన్‌లోనైతే టీమ్‌మేట్‌తో కలిసి ఇల్లు షేర్ చేసుకుని ఉన్నాడు. 265 మిలియన్ల సంతకం పడింది 2025 మేలో.

ఇంకో క్వార్టర్‌బ్యాక్ సంగతి కూడా చెప్పాలి, మీకు అసలు పనికొచ్చేది ఇదే. విన్స్ యంగ్, 2006లో మూడో పిక్, మొదటి ఏడే రూకీ ఆఫ్ ది ఇయర్, మిలియన్ల కొద్దీ గ్యారంటీ డబ్బు. 2011లో ఓనర్లకీ ప్లేయర్లకీ గొడవై లాకౌట్ వచ్చి లీగ్ ఆగిపోయింది, ఆ టైంలో అతని పేరు మీద దాదాపు 19 లక్షల డాలర్ల లోన్ వచ్చి పడింది, భారీ వడ్డీకి. ముందు ముందు వచ్చే జీతాలతో తీరిపోతుందనే లెక్క మీదే ఇలాంటి లోన్లు ఇస్తారు. ఆ ఏడాదే అతని టీం టైటన్స్ వదిలేశారు, తర్వాత ఎక్కడా నిలదొక్కుకోలేదు, లోన్ కోర్టుకెక్కింది, 2014 జనవరిలో దివాలా పిటిషన్ వేశాడు. ఎన్ఎఫ్ఎల్ ప్లేయర్ల మీద 2015లో ఆర్థికవేత్తలు ఒక స్టడీ చేస్తే రిటైరైన 12 ఏళ్లలోపు దాదాపు 16 శాతం మంది దివాలా తీశారని తేలింది, ఎక్కువ సంపాదించినవాళ్లకి కూడా దాని నుంచి పెద్దగా రక్షణ లేదంట.

ఇప్పుడు మీ లెక్క. 9 వేల సేవింగ్స్ అంటే మీ ఖర్చుకి నెలన్నర కూడా రాదు. హెచ్1బీలో జాబ్ పోతే ఇంకో జాబ్ చూసుకోవడానికి మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు, భార్య సంపాదన లేదు, హెల్త్ ఇన్సూరెన్స్ కోబ్రా (జాబ్ పోయాక పాత ప్లానే ఉంచుకునే పద్ధతి) కింద కొనసాగించాలంటే కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి. అదే టైంలో 401కే లోన్ బాకీ ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోపు కట్టకపోతే విత్‌డ్రాయల్ కింద లెక్కేసి ట్యాక్స్ వేస్తారు, పైన 10 శాతం పెనాల్టీ. పర్సనల్ లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు. ఐపీఓ వాయిదా పడి లేఆఫ్‌లు మొదలయ్యే కంపెనీల్లో ఈ మూడూ ఒకేసారి వస్తాయి, అప్పుడు షాద్‌నగర్ ప్లాట్ ఎవరు కొంటారండీ, అదీ ప్రీ-లాంచ్‌ది?

కాబట్టి మొదట ఎమర్జెన్సీ ఫండ్. వీసా మీద ఉన్న సింగిల్ ఇన్‌కమ్ ఫ్యామిలీకి ఆరు నెలలు చాలదు, ఎనిమిది నెలలు అనుకోండి, 52 వేల డాలర్లు. మిగతా 43 వేలు నెలకి 2,500 చొప్పున పెడితే ఏడాదిన్నరలో అయిపోతుంది, మీరు ఐపీఓ కోసం ఎదురుచూసే టైం కూడా అంతే. ఖర్చు తగ్గించడానికి ఏముందో భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూడండి, కారు మార్చే ఆలోచన ఉంటే ఆపేయండి. డబ్బు రేపు కావాలంటే రేపు తీసుకునేలా హై-ఈల్డ్ సేవింగ్స్‌లో ఉండాలి, షేర్లలో కాదు, ఖమ్మంలో ఎవరికో చేబదులుగా కాదు.

రెండోది డిసేబిలిటీ కవర్, అంటే జబ్బో దెబ్బో తగిలి పని చేయలేకపోతే జీతం బదులు డబ్బిచ్చే ఇన్సూరెన్స్. కంపెనీ ఇచ్చేది సాధారణంగా బేసిక్‌లో 60 శాతం, ప్రీమియం కంపెనీ కడితే దాని మీదా ట్యాక్స్ పడుతుంది, జాబ్‌తో పాటే పోతుంది. కాలేజీలో ఆడే పెద్ద ప్లేయర్ల కోసమే కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ 1990లో డిసేబిలిటీ ఇన్సూరెన్స్ ప్రోగ్రాం మొదలుపెట్టింది, ఇంకా ప్రొఫెషనల్ జీతమే మొదలుకాని పిల్లలకి! మీ చేతులు, కళ్లు, బుర్ర మీదే ముగ్గురి బతుకు నడుస్తోంది, సొంత పాలసీ ఒకటి ఈ నెలలోనే కోట్ తీసుకోండి. టర్మ్ లైఫ్ ఇన్సూరెన్స్ కూడా సొంతంగా 15 లక్షల డాలర్లకి, 20 ఏళ్లకి.

401కేలో కంపెనీ మ్యాచ్ (మీరు వేసేదానికి కంపెనీ కలిపే వాటా) పూర్తిగా వచ్చేంత మేరకు వేయడం ఆపొద్దు. ఐపీఓ వచ్చి, లాకప్ (ఐపీఓ తర్వాత షేర్లు అమ్మకూడని గడువు) అయిపోయి, ట్యాక్స్ పోగా బ్యాంకులో పడిన డబ్బుతో ప్లాట్ కొంటానంటే నేనేం అడ్డు చెప్పను.

ప్లాట్ వాళ్లకి ఇప్పటికే అడ్వాన్స్ ఏమైనా ఇచ్చారా? ఇచ్చుంటే ఎంత, రసీదు ఎవరి పేరున ఉంది, ప్రాజెక్ట్‌కి తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందా లేదా, ఈ మూడూ వెంటనే రాయండి. రెరా నంబర్ లేకపోతే ఇంకో రూపాయి పంపొద్దు.