రేసింగ్ స్కూలు రుసుమును రోజుల్లో కాదు, నిమిషాల్లో లెక్కించండి

ప్రశ్న: నా వయసు 33 ఏళ్లు. రేణిగుంటలోని ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు చేతికి 78 వేలు వస్తుంది. ఇంటి రుణం వాయిదా 24 వేలు, ఇంటి ఖర్చు 34 వేలు, సిప్ 8 వేలు. బ్యాంకులో 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. నాకు కారు రేసులంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. తిరుమల ఘాట్‌లో నా డ్రైవింగ్ చూసి మిత్రులు మెచ్చుకుంటారు. వృత్తి రేసర్లు నేర్పే స్కూల్లో చేరాలని ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాక్‌లో రెండు రోజుల కోర్సుకు 65 వేలు, కోయంబత్తూరులో మూడు రోజుల కోర్సుకు 1.05 లక్షలు అడుగుతున్నారు. ఫార్ములా వన్ రేసర్ నారాయణ్ కార్తికేయన్ లాగా విదేశంలోనే నేర్చుకుందామా అని కూడా ఆలోచిస్తున్నాను. అందుకు 4 లక్షల వ్యక్తిగత రుణం దొరుకుతుంది. ఏది ఎంచుకోమంటారు? (రెండు స్కూళ్ల దరఖాస్తు ఫారాలు జతచేశాను.) – తిరుపతి పాఠకుడు

జవాబు: విదేశీ స్కూలు సంగతి ముందుగా తేల్చేద్దాం. నారాయణ్ కార్తికేయన్ 1992లో ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలుకు వెళ్లిన మాట నిజమే. కానీ అప్పటికి ఆయన వయసు 15 ఏళ్లు, ముందున్నది రేసింగ్ జీవితం. ఆయన 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టడానికి ఆ తర్వాత 13 ఏళ్లు పట్టింది. మీకు ఇది ఇష్టంతో చేసే అభిరుచి. 4 లక్షలను 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకున్నారనుకుంటే నెలకు సుమారు 13,670 రూపాయల వాయిదా పడుతుంది, వడ్డీయే 92 వేలు దాటుతుంది. ఇప్పుడు అన్ని ఖర్చులూ పోగా మీకు మిగిలేది 12 వేలు కాబట్టి, ఈ రుణం తీసుకున్న మొదటి నెలలోనే సిప్‌లో కోత పెట్టాల్సి వస్తుంది. విదేశీ ఆలోచనను ఇక్కడితో వదిలేయండి.

ఎఫ్‌డీని కూడా ముట్టుకోవద్దు. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 58 వేలు. ఆరు నెలలకు 3.48 లక్షలు. అంటే మీ 3.5 లక్షలు సరిగ్గా ఆపద్ధనమే తప్ప, మిగులు సొమ్ము కాదు.

ఇక మీ అసలు ప్రశ్న. 65 వేల కోర్సు చవకగా కనిపిస్తోంది, కానీ రేసింగ్ స్కూల్లో మీరు కొనేది రోజులను కాదు, స్టీరింగ్ మీ చేతిలో ఉండే నిమిషాలను. మీరు పంపిన ఫారాలను ఆ దృష్టితో చదివాను. శ్రీపెరుంబుదూరు కోర్సులో 12 మందికి నాలుగు కార్లు ఉన్నాయి. ఒక్కొక్కరికి 15 నిమిషాల చొప్పున ఐదు విడతలు, మొత్తం 75 నిమిషాలు. కోయంబత్తూరు కోర్సులో ఆరుగురికి మూడు కార్లు. 20 నిమిషాల చొప్పున తొమ్మిది విడతలు, మొత్తం 180 నిమిషాలు. మొదటిదానికి తిరుపతి నుంచి రానుపోను ఖర్చు, ఒక రాత్రి బస కలిపి 4 వేలు వేసుకుంటే నిమిషానికి 920 రూపాయలు పడుతుంది. రెండోదానికి రైలు, మూడు రాత్రుల బస, భోజనం కలిపి 12 వేలు వేసుకున్నా నిమిషానికి 650 రూపాయలే. పుత్తూరు, తిరుత్తణి మీదుగా ఇంటి నుంచి మూడు గంటల్లో చేరుకోగల ట్రాక్ అని మొదటిదాని వైపు మొగ్గడం సహజమే, కానీ ఆ సౌలభ్యానికి నిమిషానికి 270 రూపాయలు అదనంగా చెల్లిస్తున్నారు.

ఆ 15 నిమిషాల విడతలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడండి. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ అంతర్జాతీయ సర్క్యూట్ చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. కొత్తవారికి ఒక చుట్టుకు రెండున్నర నిమిషాలు పడుతుందనుకుంటే విడతకు ఆరు చుట్లు వస్తాయి. మొదటిది టైర్లు, బ్రేకులు వేడెక్కడానికి, చివరిది అవి చల్లబడటానికి పోతాయి. నిజంగా నేర్చుకునేది నాలుగు చుట్లు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే సుమారు 2.1 కిలోమీటర్లే కాబట్టి అదే సమయంలో ఒక్కో మలుపు ఎక్కువసార్లు ఎదురవుతుంది. చేసిన తప్పును వెంటనే దిద్దుకునే అవకాశం దొరుకుతుంది. వేగపు సరదా పెద్ద ట్రాక్‌లోనే ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే మీరు మొదట నేర్చుకోవలసింది నేరుగా వెళ్తూ గట్టిగా బ్రేకు తొక్కడం, దాన్ని మెల్లగా వదులుతూ మలుపులోకి తిరగడం, మలుపు లోపలి అంచును తాకాక యాక్సిలరేటర్ కలపడం. ఇవన్నీ పదే పదే చేస్తేనే వస్తాయి.

ఘాట్ రోడ్డు ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక మాట. నిర్ణీత సమయం కంటే ముందే దిగినవారికి జరిమానా వేసే దారి అది. అక్కడ మిత్రుల మెప్పు పొందిన అలవాట్లలో సగాన్ని ట్రాక్ మీద మొదటి ఉదయమే మాన్పిస్తారు.

రుసుము తర్వాత చూడవలసిన పెద్ద అంశం కారు నష్టం. శ్రీపెరుంబుదూరు ఫారం రెండో పేజీ అడుగున, సన్నని అక్షరాలలో, వాహనానికి జరిగే నష్టాన్ని శిక్షణార్థి ‘యాక్చువల్స్’ మీద, అయిన ఖర్చంతా, భరించాలని ఉంది. అంటే దానికి పైపరిమితి లేదు. ఒక్కరే కూర్చునే ఫార్ములా రేసు కారులో చక్రాలు బయటికే ఉంటాయి. గోడకు ఒక మోస్తరుగా తగిలినా ముక్కు భాగం, సస్పెన్షన్ కడ్డీలు విరుగుతాయి. కోయంబత్తూరు ఫారంలో ఇదే బాధ్యత 40 వేలకు మించదని రాశారు. ఆర్థిక సలహాదారుగా నేను నిమిషాల లెక్క కంటే ఈ ఒక్క వాక్యానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఎందుకంటే ఎంత పోగొట్టుకుంటారో ముందే తెలిస్తేనే దానికి సొమ్ము పక్కన పెట్టగలరు.

రుసుము ఆదా చేయడానికి సొంత కారును ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన వస్తే మానుకోండి. మన దేశంలో సొంత కార్లకు ఇచ్చే ప్యాకేజీ బీమా పాలసీలో వాడకం పరిమితుల కింద వ్యవస్థీకృత రేసింగ్, వేగ పరీక్షలు మినహాయింపుల్లోనే ఉంటాయి. నష్టం జరిగితే మొత్తం మీ జేబులోంచే పోతుంది. ఆరోగ్య బీమా సంగతి కొంచెం భిన్నం. బీమా నియంత్రణ సంస్థ రూపొందించిన ప్రామాణిక మినహాయింపుల్లో సాహస క్రీడలకు సంబంధించినది, మోటార్ రేసింగ్ పేరుతో సహా, ఉంది. అయితే అది ‘వృత్తిరీత్యా’ పాల్గొనేవారికి వర్తిస్తుంది. స్కూలు పేరులో ప్రొఫెషనల్ అనే మాట ఉన్నంత మాత్రాన మీరు ప్రొఫెషనల్ కారు. అయినా కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ షరతులు వేరుగా ఉండవచ్చు కాబట్టి, ట్రాక్ శిక్షణలో గాయపడితే చికిత్స ఖర్చు వస్తుందా అని మీ హెచ్‌ఆర్ ద్వారా బీమా సంస్థను ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి. ఫోనులో చెప్పిన మాట క్లెయిమ్ నాడు ఎవరికీ గుర్తుండదు. టర్మ్ పాలసీ గురించి మీరు రాయలేదు. అది లేకపోతే ఈ కోర్సు కంటే ముందు దాన్ని తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో ప్రమాదకర అభిరుచుల ప్రశ్న వచ్చినప్పుడు రేసింగ్ శిక్షణ గురించి దాచకుండా రాయండి. ప్రీమియం కొంత పెరిగినా, దాచిన విషయం తర్వాత మీ శ్రీమతి చేతిలో తిరస్కరణ లేఖగా మారడం కంటే అది నయం.

కోయంబత్తూరు కోర్సుకు మొత్తం ఎంత కావాలంటే, రుసుము, ప్రయాణం కలిపి 1.17 లక్షలు, నష్టం కోసం మరో 40 వేలు, మొత్తం 1.57 లక్షలు. నెలకు 11 వేల చొప్పున 15 నెలల రికరింగ్ డిపాజిట్ వేస్తే అసలే 1.65 లక్షలు అవుతుంది. నష్టం జరగకపోతే 40 వేలు మిగిలిపోతాయి. వాటిని పాప పేరుమీద వేయండి. నెలకు మిగిలే వెయ్యిని కూడబెట్టి అప్పుడప్పుడు చెన్నైలో కార్టింగ్‌కు, అంటే చిన్న రేసు బండ్లు నడపడానికి, వెళ్లండి. నారాయణ్ తరం తర్వాత వచ్చిన రేసర్లలో చాలామంది మొదట కార్టులోనే కూర్చున్నారు. పదిహేను నెలలూ కార్టింగ్ మీద ఇష్టం తగ్గకపోతే అప్పుడు చేరండి; తగ్గితే డిపాజిట్ మీదే ఉంటుంది.

అడ్వాన్సు కట్టే ముందు కోయంబత్తూరు స్కూలుకు నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి: 1.05 లక్షల్లో జీఎస్టీ కలిసి ఉందా; కార్ రేసింగ్ ప్రమాణాలున్న హెల్మెట్, మంట అంటుకోని సూటు వారే ఇస్తారా (మీ బైకు హెల్మెట్ పనికిరాదు); వారి సర్టిఫికెట్‌తో ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశపు మోటార్ క్రీడల సమాఖ్య) పోటీ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చా; వర్షం వల్ల విడతలు పోతే మరో తేదీ ఇస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, తేదీ తీసుకోకండి. వర్షం ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే, వారు ఎంత రాయితీ ఇస్తామన్నా అడ్వాన్సు పంపవద్దు.