రెంబ్రాంట్ ఇంట్లో సామాను ఎవరిది?

ప్రశ్న: ఆమ్‌స్టర్‌డామ్‌లోని పాతకాలపు చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు వీడియోలో చూశాను. దివాలా తీశాక ఆయన సామానంతా వేలం వేశారంటారు కదా, మరి అక్కడున్న మంచాలూ, బొమ్మ నిలబెట్టి వేసే ఈజిళ్లూ ఎవరివి?

జవాబు: మీ అనుమానం సబబే. అవి ఆయనవి కావు. ఆ కాలానివి కొన్ని, ఆ నమూనాలో చేయించినవి కొన్ని. అయితే ఏ గదిలో ఏముండాలన్నది ఊహించి పెట్టలేదు. ఆ వివరం దొరికింది దివాలా వల్లనే.

1639లో రెంబ్రాంట్ 13,000 గిల్డర్లకు (అప్పటి డచ్చి నాణేలు) ఇల్లు కొన్నారు. ఏడాదిలోపు నాలుగో వంతు, మిగతాది ఐదారేళ్లలో కట్టాలని ఒప్పందం. సంపాదన తక్కువేమీ కాదు, కానీ వేలంపాటల్లో బొమ్మలూ శిల్పాలూ వింత వస్తువులూ కొనే యావ అంతకు మించినది. 1653లో ఇల్లమ్మినాయన బాకీ కోసం గట్టిగా పట్టుబడితే వేరేచోట్ల అప్పు తెచ్చి కట్టారు. అప్పు చేతులు మారిందే గానీ తీరలేదు. 1656లో దివాలాకు దరఖాస్తు పెట్టుకున్నారు.

ఆ జూలై 25, 26 తేదీల్లో గుమస్తాలు గదిగదీ తిరిగి 363 పద్దులు రాశారు. ముందుగదిలోని బొమ్మలు, సేకరణ గదిలోని గవ్వలు, రోమన్ చక్రవర్తుల ప్రతిమలు, చివరికి చలువకు వేసిన మూడు చొక్కాలతో సహా! చిన్న స్టూడియోను ఐదు అరలుగా విభజించారన్నదీ ఈ జాబితా వల్లే తెలిసింది.

1658లో ఇల్లు 11,218 గిల్డర్లకే పోయింది. తర్వాత దాన్ని రెండు వాటాలు చేశారు, పైన అంతస్తు లేపారు. 1906లో నగరపాలక సంస్థ కొంది. 1911లో మ్యూజియం తెరిచినా లోపలి గదులను పాత రూపానికి తేలేదు. జాబితా పట్టుకుని వాటిని తీర్చిదిద్దింది 1990ల చివర్లోనే. ఒక చిక్కుంది: జాబితాలో వస్తువు పేరుంటుంది, ఏ మూలనుందో ఉండదు. స్టూడియో వరకు ఆ లోటును కొంత తీర్చేది 1654 ప్రాంతంలో ఆయనే గీసుకున్న రేఖాచిత్రం.

ప్రశ్న: స్టూడియో కిటికీలు ఉత్తరానికే ఎందుకు?

జవాబు: అక్కడ ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా పడదు. ఆకాశపు వెలుతురే వస్తుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు. దక్షిణపు కిటికీ అయితే మోడల్ ముఖం మీద నీడ గంటగంటకీ జరుగుతుంది, పొద్దున వేసిన బుగ్గ మధ్యాహ్నానికి పనికిరాదు.

ప్రశ్న: రంగులు ముందే కలిపి నిల్వ చేసుకునేవారా?

జవాబు: ఎక్కువగా చేసుకునేవారు కాదు. రంగుపొడిని చదును రాతిపలక మీద పోసి, కొద్దికొద్దిగా అవిసె నూనె చేరుస్తూ, అడుగు చదునుగా ఉన్న రాతితో గుండ్రంగా నూరేవారు. పలుకు తగలకుండా నునుపుగా రావాలి. నూనె ఎక్కువైతే రంగు జారుతుంది, ఆరాక ముడతలు పడుతుంది. గాలి తగిలితే అవిసె నూనె మీద తెట్టు కడుతుంది కాబట్టి ఏ రోజుకు కావలసింది ఆ రోజే నూరుకునేవారు. మిగిలితే పంది మూత్రాశయపు సంచిలో కట్టిపెట్టి, చిన్న చిల్లు పొడిచి పిండుకునేవారు. మూతపెట్టే లోహపు ట్యూబు వచ్చింది 1841లో.