స్ట్రాంగ్‌హోల్డ్ అడ్డంకుల మీద రోబో ఆగిపోతోంది, పెద్ద చక్రాలు వేస్తే సరిపోతుందా?

ఎఫ్‌ఆర్‌సీ (విద్యార్థుల రోబో పోటీ, ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) 2016 ఆట స్ట్రాంగ్‌హోల్డ్‌లోని మోట్ (కందకం), రాక్ వాల్ (రాతి గోడ) అనే అడ్డంకులను ప్లైవుడ్‌తో చేసుకున్నామని, 4 అంగుళాల చక్రాలు ఆరున్న ట్యాంక్ డ్రైవ్ (ఎడమ, కుడి పక్కల చక్రాలు విడివిడిగా నడిచే రోబో) వాటి మీదే కూర్చుండిపోతోందని రాశారు. చక్రాలు మార్చాల్సిందే, కానీ అదొక్కటే చాలదు.

ముందు ఎక్కడం సంగతి. 2 అంగుళాల నిటారు మెట్టుకు 4 అంగుళాల చక్రం సరిగ్గా ఇరుసు ఎత్తులో తగులుతుంది. అంటే దానికది మెట్టు కాదు, గోడ. వెనక నుంచి ఎంత తోసినా పైకి లేపే బలం రాదు. 8 అంగుళాల చక్రానికి అదే మెట్టు నిలువు నుంచి 60 డిగ్రీల దగ్గర తగులుతుంది, వెనక చక్రాలు తోస్తే ఎక్కేస్తుంది. గాలి టైరైతే అంచును కాస్త మింగుతుంది కూడా.

అయితే ఎక్కువ రోబోలు ఆగేది ముందు చక్రం దాటాక, పొట్ట (రోబో అడుగు భాగం) ఆనినప్పుడు. సన్నటి గట్టు రెండు చక్రాల మధ్యకు వచ్చిందంటే కింద ఖాళీ ఆ గట్టు ఎత్తుకంటే ఎక్కువ ఉండాలి, వేరే దారి లేదు. కొలవాల్సింది ఫ్రేము నుంచి కాదు. బోల్టు తలలు, స్ప్రాకెట్లు, గేర్‌బాక్స్ అడుగు, బ్యాటరీ ట్రే, వీటిలో అన్నిటికంటే కిందికున్నదాని నుంచి కొలవండి. అడుగున 3 మి.మీ. పాలీకార్బొనేట్ షీటు బిగించి ముందంచును పైకి వంచితే, ఆనినా జారుతుంది, పట్టుకోదు.

రోబో చుట్టూ ఉండే మెత్తటి బంపర్‌ను చాలామంది మరచిపోతారు. ప్లైవుడ్, పూల్ నూడిల్ (ఈతకొలనులో వాడే ఫోమ్ గొట్టం) కలిపి అది చక్రం కంటే మూడంగుళాలకు పైగా ముందుకుంటుంది కాబట్టి మొదట గుద్దుకునేది అదే. ఆ ఏడాది నియమం ప్రకారం బంపర్ మొత్తం నేల నుంచి 4, 12 అంగుళాల ఎత్తుల మధ్య ఉండాలి. 5 అంగుళాల బంపర్‌ను పైకంటా జరిపి, అడుగు 7 అంగుళాల దగ్గర పెట్టండి.

ఇక గేరింగ్ (చక్రం ఒకసారి తిరగడానికి మోటారు ఎన్నిసార్లు తిరగాలన్న నిష్పత్తి), నా దృష్టిలో అసలు కీలకం ఇదే. బంపర్లు, బ్యాటరీతో 67 కిలోల రోబో, 4 సిమ్ (CIM) మోటార్లు, 8 అంగుళాల చక్రాలు అనుకోండి. చక్రం జారే హద్దు దాకా తోయాలంటే 10.71:1 నిష్పత్తిలో ఒక్కో మోటారు దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజి 6.3కి పడిపోగానే రోబోరియో (రోబోను నడిపే కంప్యూటర్) బ్రౌన్‌అవుట్ అయి, అంటే వోల్టేజి చాలక మోటార్లకు పవర్ ఆపేసి, గట్టు మీదే మోటార్లు ఆగుతాయి. 15:1 పెడితే 70 ఆంపియర్ల దగ్గరుంటుంది, వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు. ఈ ఆటకు అది చాలు. చిన్న చక్రాల నాటి గేర్‌బాక్స్‌నే ఉంచి చక్రం మాత్రం పెద్దది చేస్తే వేగం రెట్టింపై, తోపు సగమవుతుంది. మీరు ఇప్పుడు చేయబోయే తప్పు ఇదే కావచ్చు, చూసుకోండి.

మధ్య చక్రాలు గట్టి రబ్బరైతే 3 మి.మీ. కిందికి దించితే చాలు. గాలి టైర్లు నొక్కుకుపోతాయి కాబట్టి 6 మి.మీ. దాకా దించాలి, లేకపోతే తిరిగేటప్పుడు ఆరు చక్రాలూ నేలను పట్టుకుని రోబో గెంతుతుంది. గాలి రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్క తగ్గితే నేరుగా పోదు, అడ్డంకిని ఏటవాలుగా ఎక్కి పక్కకు ఒరుగుతుంది. బ్యాటరీ 6 కిలోలు, దాన్ని వీలైనంత కింద, మధ్యలో పెట్టండి.

దిగేటప్పుడు తగిలే దెబ్బను ముందే లెక్కలో వేసుకోవాలి. ఇరుసుకు ఒక్కవైపే ఆధారముంటే వంగి చైను ఊడుతుంది, రెండువైపులా బేరింగ్ ఇవ్వండి. రేడియో పవర్ ప్లగ్ కుదుపుకు ఒక్క క్షణం వదులైనా రేడియో మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది, అంతసేపూ రోబో కదలదు. ప్లగ్‌ను హాట్ గ్లూతో అంటించి, తీగను పక్కనే జిప్ టైతో కట్టండి. బ్యాటరీ తీగల చివరి లోహపు లగ్‌లను బిగించే బోల్టులు వేలితో తిప్పితే కదలకూడదు. ఒక్కో అడ్డంకిని ఇరవైసార్లు దాటించి, ప్రతి ఐదుసార్లకూ చైను బిగువు, ఈ బోల్టులు చూడండి.