ముందు ఫొటోలు, తర్వాతే అప్‌డేట్

చి॥ ల॥ సౌ॥ బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే ఎంత కంగారుపడుతున్నావో అర్థమైంది. హడావిడిగా ఏదో చెప్పి పెట్టేశాను గానీ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పింది సగం విని, మిగతా సగం ఏదో వీడియోలో చూసి నొక్కేస్తావేమోనని భయం. అందుకే కూర్చుని రాస్తున్నాను.

విండోస్ అప్‌డేట్ 30 శాతం దగ్గర ఆగి, ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అని వచ్చి, చివరికి లాప్‌టాప్ మామూలుగానే తెరుచుకుందన్నావు. అది మంచి కబురే తల్లీ. కొత్త ఫైళ్లు సరిగ్గా ఎక్కకపోతే విండోస్ తనంతట తానే పాత స్థితికి వచ్చేస్తుంది. అమ్మమ్మ ఫొటోలు, నీ ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్‌డేట్ ఫెయిలైనందువల్ల ఫైళ్లు పోవడం చాలా అరుదు. ఆ తర్వాత మనం కంగారులో చేసే పనుల వల్లే ఎక్కువగా పోతాయి.

కంప్యూటర్ రిపేర్ షాపు పెట్టిన కొత్తలో ఒక మాస్టారు ఇలాగే కంప్యూటర్ తెచ్చారు. సాయంత్రానికల్లా ఇచ్చేయాలని సి డ్రైవ్ ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ ఎక్కించాను. ఆయన కూతురి పెళ్లి ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయట. డెస్క్‌టాప్ మీద పెట్టినవి కూడా సి డ్రైవ్‌లోనే ఉంటాయని ఆయనకు తెలియదు. తెలిసిన నేను చూసుకోలేదు. మూడు రోజులు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టినా సగం కూడా తిరిగి రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఇరవై ఏళ్లయినా ఆ ముఖం మర్చిపోలేకపోతున్నాను. ఆ రోజు నుంచి డేటా కాపీ తీసుకోకుండా ఏ మిషన్‌నీ ముట్టుకోలేదు.

కాబట్టి ఈ రోజు నువ్వు అప్‌డేట్ జోలికే వెళ్లకు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి ఫొటోలు, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కాపీ చెయ్యి. అయ్యాక ఆ డిస్క్‌లోంచే పది ఫొటోలు తెరిచి చూడు. కాపీ అయిందనుకోవడం వేరు, తెరిచి చూసుకోవడం వేరు.

రెండో పని బిట్‌లాకర్ కీ, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళానికి చెవి. చాలామందికి దీని సంగతే తెలియదు. ఈ మధ్య వచ్చే లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే డిస్క్‌కు దానంతట అదే తాళం పడిపోతుంది. మామూలు రోజుల్లో ఆ తాళం ఉన్నట్టే తెలియదు. అప్‌డేట్ తేడా చేసి రిపేర్ స్క్రీన్‌లోకి వెళ్లినప్పుడు ఉన్నట్టుండి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే నేనే కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా ఆ డిస్క్ తెరవలేరు. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైజెస్‌లో నీ లాప్‌టాప్ పేరు కింద ఆ కీ ఉందేమో చూడు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. లాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే లాభం లేదు.

ఈ రెండూ అయ్యాక కారణం వెతుకుదాం. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే ఫెయిలైన దాని పక్కన ఒక ఎర్రర్ నంబర్ ఉంటుంది. చివర 80070070 ఉంటే డిస్క్‌లో చోటు లేదని. నీది 256 జీబీ డిస్క్, దాని నిండా వీడియోలు, నాకు దీని మీదే అనుమానం. స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తీసేయి. అయితే ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ అని కూడా ఉంటుంది, దానికి టిక్ ఉంటే ఆ టిక్‌ను తప్పకుండా తీసెయ్, లేకపోతే అందులోవన్నీ పోతాయి. వాట్సాప్‌లో వచ్చినవన్నీ నువ్వు అందులోనే పెట్టుకుంటావని నాకు తెలుసు. కనీసం 30 జీబీ ఖాళీ చేసుకుంటే నిశ్చింత.

చోటుంటే, డౌన్‌లోడ్ అయిన అప్‌డేటే పాడై ఉండొచ్చు. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరిచి, అందులో విండోస్ అప్‌డేట్‌ను ఆపి, సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, అందులో డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిచి లోపలివి తీసేసి రీస్టార్ట్ చెయ్యి. మళ్లీ కొత్తగా దించుకుంటుంది. అదీ పని చేయకపోతే పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే డిఐఎస్‌ఎం, ఎస్‌ఎఫ్‌సీ అనే రెండు కమాండ్లున్నాయి, ఆ వరుసలోనే కొట్టాలి. మొదటిది 60 శాతం దగ్గర చాలాసేపు కదలదు. చచ్చిపోయిందనుకుని ఆ కమాండ్ విండో మూసేయకు.

ఒక్కోసారి తప్పు మన వైపు ఉండదు. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ చాలామందికి 80070643 నంబర్‌తో ఫెయిలైంది. రికవరీ పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో రిపేర్ కోసం విడిగా ఉంచే భాగంలో, 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుని పార్టిషన్లు కోయకూడదు, కొన్నాళ్లు ఆగాలి.

ఈసారి అప్‌డేట్ పెట్టినప్పుడు ప్రింటర్, పెన్‌డ్రైవ్‌లు పీకేయి. చార్జర్ ప్లగ్‌లోనే ఉంచు. గంటసేపు కదలకపోయినా పవర్ బటన్ నొక్కకు, మూడు నాలుగు గంటలు చూడు. అప్పటికీ అంతే ఉంటే పది సెకన్లు నొక్కిపట్టి ఆపు. తెరుచుకోకపోతే, లోగో రాగానే మళ్లీ అలాగే ఆపు. వరుసగా రెండుసార్లు తెరుచుకోలేకపోతే ఆ తర్వాత రిపేర్ స్క్రీన్ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కి లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్‌ను తీసేయి. నీ ఫైళ్లకు ఏమీ కాదు. ‘రీసెట్ దిస్ పీసీ’ మాత్రం నాతో మాట్లాడకుండా ముట్టుకోవద్దు. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకున్నా నువ్వు ఎక్కించుకున్న ప్రోగ్రాములు పోతాయి. ప్రశ్నపత్రాలు టైప్ చేసే అను సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది.

మీ ఇంటి దగ్గర షాపుకు తీసుకెళ్లాల్సి వస్తే, ‘నా ముందు ఫార్మాట్ అనే మాట రానివ్వకండి, డేటా కావాలి’ అని చెప్పి అప్పుడు మిషన్ చేతికివ్వు.

అసలు అప్‌డేట్లే ఆపేస్తానన్నావు. అది మాత్రం వద్దమ్మా. బ్యాంకు పనులన్నీ అందులోనే చేస్తావు, భద్రతకు సంబంధించిన మరమ్మతులు వచ్చేది ఈ అప్‌డేట్లతోనే. ప్రతి నెలా రెండో మంగళవారం, మన దగ్గర రాత్రి పొద్దుపోయాక వస్తాయి. కావాలంటే ఒక వారం పాజ్ పెట్టుకో. ఏదైనా తేడా ఉంటే ఆ వారంలో బయటపడుతుంది. తర్వాత వేసుకో.

ఆదివారం పొద్దున పదింటికి నేను ఖాళీగా ఉంటాను. లాప్‌టాప్ ముందు కూర్చుని వీడియో కాల్ చెయ్యి, ఆ కమాండ్లు ఇద్దరం కలిసి కొడదాం. అమ్మమ్మ ఫొటోల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో నాకూ పంపు. నా దగ్గర అమ్మవి నాలుగే ఉన్నాయి.

ఇట్లు,
మీ మామయ్య